తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు, ఆదివాసులు

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 వరకు హైదరాబాదు సంస్థానంలోని తెలుగు జిల్లాల్లో సాగింది. నల్లగొండ, వరంగల్లు జిల్లాలు దీనికి కేంద్రాలు. నేటి ఖమ్మం ప్రాంతం అప్పటికి వరంగల్లు జిల్లాలోనే ఉండేది. దేశ్‌ముఖుల భూస్వామ్యం, వెట్టిచాకిరీ, నిజాం పాలన మొదటి రెండేళ్లలో దీని లక్ష్యాలు. 1948 సెప్టెంబరు తర్వాత భూమిని నిలబెట్టుకోవడానికి భారత సైన్యంతో తలపడిన దశ మొదలైంది. ఆంధ్ర మహాసభ, కమ్యూనిస్టు పార్టీ ఈ ఉద్యమానికి నాయకత్వం వహించాయి. ఊళ్లలో మాత్రం జనం రెంటినీ కలిపి ‘సంఘం’ అనే పిలిచారు. ఈ పోరాటంలో స్త్రీలు, ఆదివాసులు పాల్గొన్న తీరు, వారు ముందుకు తెచ్చిన సమస్యలు, వారికి దక్కినవి, దక్కనివి ఈ వ్యాసంలోని విషయం.

పరిధి

ఇక్కడ ఆదివాసులంటే ప్రధానంగా గోదావరి లోయలోని కోయలు. ఆదిలాబాదు గోండులు, కోలాములు, నల్లమల చెంచులు ఉద్యమానికి అంచుల్లో ఉన్నారు. లంబాడాలు పోరాటంలో ముందు వరసలో నిలిచినా, తెలంగాణ ప్రాంతంలో వారిని షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది 1976లోనే. ఆనాటి రచనల్లో వారి ప్రస్తావన సాధారణంగా రైతులతో కలిసే వస్తుంది. భూమి తగాదాల స్వభావం దగ్గరగా ఉండటంతో ఈ వ్యాసంలో వారినీ చేర్చడమైనది.

నేపథ్యం: భూమి, వెట్టి

సంస్థానంలోని భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే ప్రభుత్వ శిస్తు కింద ఉన్న భూమి. 30 శాతం జాగీర్లు, మిగతా 10 శాతం నిజాం సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. దివానీ ప్రాంతంలో కూడా రైతుకు భద్రత లేదు. శిస్తు వసూలు అధికారం వంశపారంపర్యంగా అనుభవించిన దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు భూముల సర్వే జరిగినప్పుడు ఊళ్లకు ఊళ్లు తమ పేర రాయించుకున్నారు. జన్నారెడ్డి ప్రతాపరెడ్డి కింద లక్షన్నర ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి కింద 40 వేల ఎకరాలు ఉండేవని ఉద్యమ నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య నమోదు చేశారు.

దొరకు, అంటే ఊరి భూస్వామికి, అధికారులకు కూలి లేకుండా చేయవలసిన చాకిరీ వెట్టి. కులాన్నిబట్టి అది మారేది. మాదిగలు చెప్పులు, మోటబొక్కెనలకు తోలు ఇవ్వాలి. చాకలివాళ్లు బట్టలు ఉతకాలి. కుమ్మరులు కుండలు పెట్టాలి. గీతకార్మికులు కల్లు పోయాలి. చరిత్ర పుస్తకాల్లో కనిపించే ఈ జాబితాలు ఎక్కువగా మగవాళ్ల పనులవే. ఆడవాళ్ల వెట్టి చాలావరకు దొర భవనమైన గడి గోడల లోపల ఉండేది కాబట్టి లెక్కకు రాలేదు. వడ్లు దంచడం, పిండి విసరడం, నీళ్లు మోయడం, గడి వాకిళ్లు అలకడం, పొలంలో నాట్లు, కలుపు వారి పనులు. దొర పొలంలో నాటు పూర్తయ్యేదాకా సొంత మడిలో నాటు వేయరాదు. పసిబిడ్డల తల్లులకు పాలిచ్చే వేళకు ఇంటికి వెళ్లే వీలు కూడా ఉండేది కాదని అనేకమంది తమ జ్ఞాపకాల్లో చెప్పారు. దొర కూతురికి పెళ్లి చేసి పంపేటప్పుడు ఆమెతో పాటు దాసీగా ఇచ్చే అమ్మాయిని ఆడబాప అనేవారు. ఆడబాపకు పెళ్లి లేదు, కూలి లేదు, తిరిగి వెళ్లే ఇల్లు లేదు. ఈ దాసీతనంలో లైంగిక దోపిడీ కూడా కలిసే ఉండేది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వానికి తప్పనిసరిగా ధాన్యం కొలిచే లెవీ వచ్చింది. పెద్ద భూస్వాములు లెక్కలు తప్పించుకున్నారు. చిన్న రైతు ఇంట్లోని తిండిగింజలు కూడా పోయాయి. ఇంటి గాదెకు కావలి ఉండేది ఆడవాళ్లే కనుక లెవీ వసూలుకు వచ్చిన సిబ్బందితో మొదటి ఘర్షణ వారికే ఎదురైంది. ఆకునూరు, మాచిరెడ్డిపల్లి గ్రామాల్లో ఈ వసూళ్ల సందర్భంగా పోలీసులు స్త్రీలపై అత్యాచారాలు చేశారు. పద్మజా నాయుడు ఆకునూరు వెళ్లి విషయాన్ని బయటపెట్టడంతో అది సంస్థానం దాటి చర్చకు వచ్చింది.

నేపథ్యం: అడవి

పాల్వంచ, ఇల్లెందు, ములుగు, నర్సంపేట తాలూకాల అడవుల్లో కోయలు అడవి కొట్టి పోడు వ్యవసాయం చేసుకుని, తునికాకు, వెదురు, ఇప్పపువ్వు వంటి ఫలసాయంతో బతికేవారు. రిజర్వు అడవుల హద్దులు పెరిగినకొద్దీ పోడు నేరమైంది. నాగలికి కొయ్య, ఇంటికి వాసం తెచ్చుకున్నా జరిమానా లేదా మామూలు. అడవి జవాను వస్తే కోడి, నెయ్యి, మోతకు మనిషి ఇవ్వాలి. మైదానం నుంచి వచ్చిన వడ్డీ వ్యాపారులు, పట్వారీలు సాగులో ఉన్న భూములను తమ పేర మార్చుకున్నారు. కాంట్రాక్టర్లు ఆకు కట్టకు, వెదురు కోతకు నామమాత్రపు కూలి ఇచ్చారు.

ఆదిలాబాదులో ఈ కారణాలతోనే గోండు నాయకుడు కొమురం భీం జోడేఘాట్ కేంద్రంగా తిరుగుబాటు చేసి 1940లో నిజాం బలగాల చేతిలో మరణించాడు (చూడండి: కొమురం భీం). ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను అక్కడి పరిస్థితుల అధ్యయనానికి నియమించింది. గోండులకు, కోలాములకు పట్టాలివ్వడం, మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టడం ఆయన సిఫారసుల ఫలితాలు. సాయుధ పోరాటం ఆదిలాబాదు అడవుల్లో బలంగా పాతుకోకపోవడానికి ఈ చర్యలు ఒక కారణం కావచ్చు. అక్కడ ఆంధ్ర మహాసభ నిర్మాణం మొదటినుంచీ పలచగా ఉండటం మరింత స్పష్టమైన కారణం.

సంఘంలోకి స్త్రీల ప్రవేశం

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగినప్పుడే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా జరిగింది. బాలికా విద్య, బాల్యవివాహాలు, వితంతు వివాహం వంటివి ఆ తొలి సభల చర్చాంశాలు. పాల్గొన్నది చదువుకున్న కుటుంబాలవారు. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక సంస్థ వామపక్షం చేతికి వచ్చింది. సభ్యత్వ రుసుం తగ్గించడంతో కూలీలు, కౌలుదార్లు సంఘంలో చేరారు. స్త్రీల సమస్యల జాబితా కూడా మారింది. చదువుకంటే ముందుగా వెట్టి, కూలి రేటు, లెవీ వచ్చి చేరాయి.

ఈ మార్పుకు చిట్యాల ఐలమ్మ ఉదంతం మంచి ఉదాహరణ. చాకలి కులానికి చెందిన ఐలమ్మ (1895–1985) జనగామ తాలూకా పాలకుర్తిలో మల్లంపల్లి దొరల నుంచి భూమి కౌలుకు తీసుకుని సాగు చేసేది. ఆమె కుటుంబం సంఘంలో చేరింది. విసునూరు దేశ్‌ముఖ్ ఆ భూమి తనదంటూ పండిన పంట కోసుకురమ్మని మనుషులను పంపాడు. సంఘం కార్యకర్తలు వచ్చి ఆమెతో కలిసి పంట కోసి, ధాన్యం ఇంటికి చేర్చారు. ఆ తర్వాత ఆమె ఇల్లు తగలబెట్టారు, ఇంటి మగవాళ్లను జైలుకు పంపారు. పంట మాత్రం దొర గడికి చేరలేదు. ఈ గెలుపు చుట్టుపక్కల ఊళ్లలో సంఘం బలాన్ని పెంచినంతగా అంతకుముందు ఏ సభా పెంచలేదనడం అతిశయోక్తి కాదు.

ఊళ్లలో ప్రతిఘటన, 1946–48

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు సంఘం ఊరేగింపుపై జరిపిన కాల్పుల్లో కార్యకర్త దొడ్డి కొమరయ్య మరణించాడు. సాయుధ పోరాట ఆరంభంగా సాధారణంగా ఈ తేదీనే చెబుతారు. కడవెండి గడి నుంచి పెత్తనం చేసింది దేశ్‌ముఖ్ తల్లి జానమ్మ. ఊరి స్త్రీలను వెట్టికి పిలిచి హింసించినవారిలో ఆమె పేరు ముందుగా వినిపిస్తుంది. ఆడవాళ్లందరి ప్రయోజనం ఒకటేనన్న మాట ఈ ఊరి విషయంలో చెల్లదు.

తొలి ప్రతిఘటనలో తుపాకులు లేవు. వడిసెల, గుత్తప, రోకలి, కారం, మరిగే నీళ్లు జనం ఆయుధాలు. పోలీసు బండి వస్తున్నట్టు కేక పడగానే స్త్రీలు రాళ్లు కుప్పలు పోయడం, మిద్దెలెక్కి కారం చల్లడం, అరెస్టయిన వాళ్లను చుట్టుముట్టి విడిపించడం అనేక ఊళ్లలో జరిగింది. బాలెంల, పాత సూర్యాపేట, మల్లారెడ్డిగూడెం ఇలాంటి ఘర్షణలతో పేరుపడ్డ ఊళ్లు. లంబాడా తండాల్లో ఇదే పని మరింత పట్టుదలతో సాగింది. జనగామ తాలూకా ధర్మాపురంలో లంబాడాలు అడవి కొట్టి బాగు చేసుకున్న భూమిని పుసుకూరి రాఘవరావు అనే భూస్వామి ఆక్రమించగా, జాటోతు ఠానూ నాయక్ నాయకత్వంలో వారు తిరిగి స్వాధీనం చేసుకున్నారు. ఠానూ నాయక్ తర్వాత ఈ పోరాటంలోనే ప్రాణాలు కోల్పోయాడు.

1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. కాశిం రజ్వీ నాయకత్వంలో నిజాం పక్షాన పోరాడిన రజాకార్లు ఊళ్లపై దాడులు పెంచినకొద్దీ దళాలు ఏర్పడ్డాయి. సుందరయ్య లెక్కలో ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలంలో దాదాపు 3 వేల గ్రామాలు, 30 లక్షల జనాభా దాని ప్రభావంలో ఉన్నాయి. గ్రామ రక్షక దళాల్లో 10 వేల మంది, గెరిల్లా దళాల్లో 2 వేల మంది పనిచేశారు. ఈ సంఖ్యలు ఉద్యమ నాయకుడివి కనుక వాటిని ఆ దృష్టితోనే చూడాలి. స్త్రీలెందరో, ఆదివాసులెందరో వీటిలో విడిగా లేదు.

దళాల్లో, డెన్లలో

స్త్రీలు చేసిన పనిలో అధికభాగం తుపాకీతో సంబంధం లేనిది. రహస్య స్థావరాన్ని ‘డెన్’ అనేవారు. ఊరి నడుమ ఇల్లు అద్దెకు తీసుకుని, సంసారంలా కనిపిస్తూ, అజ్ఞాత నాయకులను దాచి, వండిపెట్టి, ఇరుగుపొరుగుకు అనుమానం రాకుండా చూడటం డెన్ నడిపే స్త్రీ బాధ్యత. ఇందుకోసం పరిచయం లేని మగవాడితో భార్యాభర్తల్లా నటిస్తూ నెలల తరబడి ఉండవలసి వచ్చేది. పట్టుబడితే చిత్రహింసలు; పట్టుబడకపోయినా ఊరి నింద. ఉత్తరాలు, తూటాలు గంపల్లో, గడ్డిమోపుల్లో మోసిన కొరియర్లలోనూ స్త్రీలు ఎక్కువ. తనిఖీ చేసే సిపాయి ఆడవాళ్ల మోపు విప్పి చూడడన్న నమ్మకం చాలాకాలం పనిచేసింది.

వైద్యం మరో రంగం. గాయాలకు కట్లు, కాన్పులు, మలేరియాకు మందులు దళాలతో తిరిగే కార్యకర్తలే చూసుకోవాలి. విజయవాడలో వైద్యురాలైన డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ పార్టీ స్త్రీలకు ఆరోగ్య విషయాల్లో శిక్షణనిచ్చారు.  ప్రచారంలో పాటలది ప్రధాన పాత్ర. స్త్రీలు పొలాల్లో పాడుకునే ఉయ్యాల పాటల వరసలో వెట్టి మీద, దొరల మీద కొత్త పాటలు కట్టారు. కోస్తా జిల్లాల నుంచి మోటూరి ఉదయం వంటి స్త్రీలు బుర్రకథ దళాలతో ఊరూరా తిరిగారు. అంతవరకు బుర్రకథ మగవాళ్ల కళ.

ఆయుధం పట్టినవారిలో ఇద్దరి పేర్లు బాగా తెలిసినవి. ఆరుట్ల కమలాదేవి (1920–2001) కొలనుపాక ప్రాంతంలో భర్త రామచంద్రారెడ్డితో పాటు దళంలో పనిచేశారు. మల్లు స్వరాజ్యం (1931–2022) సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో భూస్వామ్య కుటుంబంలో పుట్టి, అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డి వెంట ఉద్యమంలోకి వచ్చారు. ఉయ్యాల పాటలతో జనాన్ని కదిలించి, తర్వాత దళ నాయకురాలై, గోదావరి అడవుల్లో రాజక్క పేరుతో పనిచేశారు. ఆమెను పట్టిచ్చినవారికి ప్రభుత్వం 10 వేల రూపాయల బహుమతి ప్రకటించింది. భూమిలేని కులాల నుంచి దళాల్లో చేరిన స్త్రీలు కూడా ఉన్నారు. వారి పేర్లు అంతగా ప్రచారంలోకి రాలేదు.

దళంలో స్త్రీలను చేర్చుకోవడంపై నాయకత్వంలో తర్జనభర్జన జరిగింది. రాత్రిపూట నడక, అడవిలో మకాం, నెలసరి, గర్భం, కలిసి తిరిగే యువతీయువకుల మధ్య సంబంధాలు: వీటన్నిటినీ క్రమశిక్షణ సమస్యలుగానే ఎక్కువగా చూశారు. దళంలో పుట్టిన బిడ్డ ఏడుపు శత్రువుకు జాడ తెలిపే ప్రమాదం ఉండటంతో కొందరు తల్లులు పసిపిల్లలను ఎవరికో ఇచ్చి రావలసి వచ్చింది.

గ్రామ రాజ్యాలు

దొరలు గడులు వదిలి పట్నం చేరిన ఊళ్లలో గ్రామ కమిటీలు పాలన చేపట్టాయి. వెట్టి ఆగింది. అప్పు పత్రాలు, శిస్తు లెక్కలు తగలబెట్టారు. కూలిరేట్లు పెంచారు. భూపరిమితిని మొదట 500 ఎకరాలుగా, తర్వాత 200 ఎకరాలుగా, చివరికి మెట్ట 100, తరి 10 ఎకరాలుగా తగ్గించి, మిగులును పంచారు. సుందరయ్య ప్రకారం పంచిన భూమి 10 లక్షల ఎకరాలు. పెళ్లాన్ని కొట్టడం, విడాకులు, ఇష్టంలేని పెళ్లిళ్ల తగాదాలు కూడా కమిటీల ముందుకు వచ్చాయి. చాలా ఊళ్లలో స్త్రీలు పంచాయతీలో నోరు విప్పి తమ గోడు చెప్పుకోవడం ఇదే మొదలు. భూమి పంపకం మాత్రం ఇంటి లెక్కన జరిగింది. స్త్రీ పేర విడిగా భూమి అన్న ఆలోచన ఆనాటి కార్యక్రమంలో లేదు.

కోయ అడవుల్లో, 1948–51

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరయ్యారు. రజాకార్లు పోయారని సంతోషించిన ఊళ్లలోకే, సైన్యం వెనుక దొరలు తిరిగి వచ్చారు. మైదానంలో నిలవడం కష్టమై దళాలు కృష్ణ తీరాన నల్లమలకు, గోదావరి తీరాన పాఖాల, ఇల్లెందు, పాల్వంచ, ములుగు అడవులకు తరలాయి. నల్లమలలో చెంచులు దారులు చూపి, తిండి ఇచ్చి ఆదుకున్నా వారి జనాభా తక్కువ, గూడేలు చెదురుమదురు. కోయ ప్రాంతంలో మాత్రం ఉద్యమం కొత్త పునాది వేసుకుంది.

మొదట దళాలకు అడవి దాక్కునే చోటు మాత్రమే. భాష రాదు, దారులు తెలియవు. బయటనుంచి వచ్చే ప్రతివాడూ కోయలకు కాంట్రాక్టరో, జవానో, వడ్డీ వ్యాపారో. ఈ అపనమ్మకం తొలగడానికి దళాలు కోయభాష నేర్చుకున్నాయి, జ్వరాలకు మందులిచ్చాయి, అక్షరాలు నేర్పాయి. అంతకుమించి పనిచేసినవి అడవి సమస్యలు: పోడుకు అడ్డు తొలగడం, జవాన్ల మామూళ్లు ఆగడం, ఆకు కట్ట రేటు, వెదురు కూలి పెరగడం, వడ్డీ అప్పులు రద్దు కావడం. ఇవి జరిగాక కోయ యువకులు దళాల్లో చేరారు. విల్లంబులతో, అడవి జాడలు పసిగట్టే నేర్పుతో వచ్చిన వారు లేకుండా దళాలు అక్కడ ఒక్క వానాకాలం కూడా గడపలేకపోయేవి.

ప్రభుత్వం ఈ బంధాన్నే దెబ్బకొట్టింది. అడవిలో చెదురుగా ఉన్న కోయ గూడేలను తగలబెట్టి, జనాన్ని రోడ్ల పక్కన కాపలా శిబిరాలకు తరలించారు. దళాలకు తిండి, సమాచారం అందకుండా చేయడం దీని ఉద్దేశం. దాదాపు ఆ కాలంలోనే మలయాలో బ్రిటిష్ సైన్యం ఇదే పద్ధతిని పెద్దఎత్తున అమలు చేసింది. శిబిరాల్లో పోడు లేదు, వేట లేదు, ఇప్పపువ్వు లేదు. ఇరుకు, మురికినీరు, అంటురోగాలు మిగిలాయి. పిల్లలు, ముసలివారు ఎక్కువగా చనిపోయారు. అడవిలో దుంపలు, ఆకుకూరలు, పళ్లు ఏరి ఇంటిని సాకే పని స్త్రీలది కాబట్టి శిబిర జీవితం మొదట కూలగొట్టింది వారి బతుకునే. సిపాయిల లైంగిక హింస కూడా వారే భరించారు. అయినా బియ్యం, ఉప్పు, కబురు శిబిరాల నుంచి అడవికి చేరుతూనే వచ్చాయి.

విరమణ

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే భూదానోద్యమం మొదలుపెట్టారు. పార్టీలో రెండేళ్ల వాదోపవాదాల తర్వాత 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటించారు. అప్పటికి సుమారు 4 వేల మంది చనిపోయారని, 10 వేల మంది మూడు నాలుగేళ్లు నిర్బంధంలో ఉన్నారని సుందరయ్య రాశారు.

1952 ఎన్నికల్లో ఆరుట్ల కమలాదేవి ఆలేరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మల్లు స్వరాజ్యం 1978, 1983లలో తుంగతుర్తి నుంచి గెలిచారు. వీరు మినహాయింపులు. ఎక్కువమంది స్త్రీలకు ఇంటికి వెళ్లమన్న మాటే ఎదురైంది. కొందరిని కుటుంబాలు రానివ్వలేదు, కొందరు చదువు మళ్లీ మొదలుపెట్టారు, కొందరు కుట్టుపనితో బతికారు. కోస్తా నుంచి వచ్చి ఏళ్లపాటు అజ్ఞాతంలో గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆ తర్వాతి ఒంటరి జీవితాన్ని 2012లో వెలువడిన ‘నిర్జన వారధి’లో రాశారు.

కోయల విషయంలో భూమి సమస్య అలాగే మిగిలింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు భూబదిలీని నియంత్రించే 1959 నాటి నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో వాటిని కఠినం చేశారు (చూడండి: 1/70 చట్టం). పోడు భూముల హక్కు పత్రాల కోసం 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది. శ్రీకాకుళం గిరిజన పోరాటం, 1981 ఏప్రిల్ 20 నాటి ఇంద్రవెల్లి కాల్పులు ఇదే సమస్య తర్వాతి ఘట్టాలు (చూడండి: శ్రీకాకుళ పోరాటం, ఇంద్రవెల్లి).

చరిత్ర రచన

పోరాటంపై తొలి పుస్తకాలు నాయకులు రాసినవి. సుందరయ్య 1972లో ప్రచురించిన గ్రంథంలో కోయ ప్రాంతానికి, స్త్రీల పాత్రకు విడిగా చోటుంది. నాయకుల్లో స్త్రీల పట్ల ఉన్న పాత ఆలోచనలను కూడా ఆయన ఒప్పుకున్నారు. అయితే అందులో స్త్రీలు ఎక్కువగా త్యాగానికి, ధైర్యానికి ఉదాహరణలుగా వస్తారు, నిర్ణయాలు చేసినవారుగా కాదు. నిర్ణయాలు తమను చేయనివ్వలేదని స్త్రీలు స్వయంగా చెప్పిన పుస్తకం స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. ఐలమ్మ, కమలాదేవి, స్వరాజ్యం మొదలైనవారి మౌఖిక కథనాలు ఇందులో ఉన్నాయి. పోరాట కాలాన్ని బతుకులో అత్యంత స్వేచ్ఛగా గడిపిన రోజులుగా చెప్పినవారే, విరమణ తర్వాత తమను ఎవరూ సలహా అడగలేదనీ చెప్పారు. దేశంలో మౌఖిక చరిత్ర పద్ధతికి ఇది తొలి ముఖ్య ఉదాహరణల్లో ఒకటి. పుస్తకం వచ్చేనాటికి ఐలమ్మ మరణించి ఏడాది అయింది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు.

కోయల వైపు నుంచి ఇలాంటి సేకరణ చాలా తక్కువ. దళాలతో నడిచిన కోయ యువకుల గురించి తెలిసేది మైదాన కార్యకర్తల జ్ఞాపకాల ద్వారానే. శిబిరాల్లో బతికిన కోయ స్త్రీల సొంత మాటలు అచ్చులోకి వచ్చింది మరీ అరుదు. ఆ తరంవారు ఇప్పుడు దాదాపుగా లేరు. మిగిలినవి కోయ గూడేల్లో పాడుకునే పాటలు, పెద్దలు చెప్పే కథలు, శిబిరాల కాలం నాటి ప్రభుత్వ దస్త్రాలు.